మా బావ పెద్ద బండి, మేం కొన్న చిన్న కారు

"ప్రాణం కంటే డబ్బు ఎక్కువా బామ్మర్దీ?" అని మా బావ అడిగిన రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కారు మార్చాలని సంక్రాంతి నుంచి అనుకుంటున్నాం. మా పాత హ్యాచ్‌బ్యాక్‌కి పన్నెండేళ్లు నిండాయి. అందులో ఎయిర్‌బ్యాగ్ లేదు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఇద్దరు పిల్లల్నీ అమ్మనీ ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి కోదాడ బయల్దేరితే, పక్కనుంచి లారీ వెళ్లిన ప్రతిసారీ నా భార్య చెయ్యి డోర్ హ్యాండిల్ మీదకి వెళ్తుంది. లోను కలుపుకుంటే చేతిలో ఉన్నది పదకొండు లక్షలు. ఆ డబ్బుకి క్రాష్ టెస్టులో ఐదు స్టార్లు వచ్చిన కొత్త చిన్న కారు వస్తుంది, లేదంటే ఎనిమిదేళ్లు వాడిన, రెండు టన్నుల పైన బరువున్న ఏడు సీట్ల ఎస్‌యూవీ సెకండ్ హ్యాండ్‌లో వస్తుంది. బావ రెండోదే కొనమంటాడు. తనకి అలాంటిదే ఉంది. "ట్యాంకు లాంటి బండి, ఏది వచ్చి గుద్దినా మనకేం కాదు, ఆ రేకు డబ్బాల్లో పిల్లల్ని కూర్చోబెడతావా" అన్నాడు. మా అక్క కూడా అదే మాట, అమ్మ కూడా అదే మాట.

బావ మాటని కొట్టిపారేయలేను, ఎందుకంటే అందులో నిజం ఉంది. రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయనుకోండి. ఒకటి 2200 కిలోలు, ఇంకోటి 900 కిలోలు, రెండూ గంటకు 60 కి.మీ. వేగంలో ఉన్నాయి. గుద్దుకుని ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోతే, పెద్ద బండి ఎటు వెళ్తోందో అటే రెండూ కలిసి సుమారు 25 కి.మీ. వేగంతో జరుగుతాయి. అంటే పెద్ద బండిలో ఉన్నవాళ్ల వేగం 60 నుంచి 25కి పడింది, 35 కి.మీ. తేడా. చిన్న కారులో వాళ్లు 60లో ముందుకి పోతున్నవాళ్లు కాస్తా 25లో వెనక్కి వెళ్లారు, అంటే 85 కి.మీ. తేడా. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. 35కి, 85కి మధ్య ఉన్న తేడా ఇంటికి నడిచి రావడానికీ రాకపోవడానికీ ఉన్న తేడా. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో ద్రవ్యవేగం చాప్టర్ చదివిన ఎవరైనా ఈ లెక్క వేసుకోవచ్చు, నేను మా అబ్బాయి రఫ్ నోటుబుక్కు వెనక వేశాను.

అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ 2009లో దీన్ని లెక్కతో సరిపెట్టకుండా కార్లతోనే చేసి చూపించింది. టయోటా యారిస్‌ని అదే కంపెనీ క్యామ్రీతో, హోండా ఫిట్‌ని హోండా అకార్డ్‌తో, స్మార్ట్ కారుని మెర్సిడెస్ సీ క్లాస్‌తో, గంటకు 64 కి.మీ. వేగంలో ఎదురెదురుగా గుద్దించారు. గోడకి గుద్దించే మామూలు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న ఆ చిన్న కార్లు మూడూ ఇక్కడ ఫెయిల్ అయ్యాయి. స్టార్ రేటింగులు చూసి కారు కొనేవాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. ముందునుంచి చేసే క్రాష్ టెస్టు ఏం చెబుతుందంటే, ఆ కారు దాదాపు తనంత బరువున్న ఇంకో కారుని గుద్దితే ఏమవుతుందో చెబుతుంది. ఐదు స్టార్ల చిన్న కారూ ఐదు స్టార్ల పెద్ద కారూ ఒకటే అని చెప్పదు.

కాబట్టి అంతవరకు బావదే పైచేయి.

కానీ నేను ఆ రాత్రి పడుకుని ఆలోచించింది వేరే. మేం తిరిగే 65వ నంబరు హైవే మీద మమ్మల్ని గుద్దేది, మేం గుద్దేది ఎవరు? మధ్యలో డివైడర్ ఉంది కాబట్టి ఎదురు బండి నేరుగా వచ్చి గుద్దే అవకాశం తక్కువ. రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్లు, బైకులు ఉంటాయి, అది వేరే సంగతి. రాత్రి పూట నాకు నిజంగా భయం వేసేది రోడ్డు వారన వెనక లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ. ముప్పై టన్నుల లోడుతో నిలబడ్డ లారీ ముందు నా బండి 900 కిలోలైతే ఏంటి, 2200 కిలోలైతే ఏంటి? అది ఇంచు కూడా కదలదు. పైగా లారీ వెనక బాడీ ఎత్తులో ఉంటుంది, కింద గార్డు సరిగ్గా లేకపోతే మన బానెట్ దాని కిందికి దూరిపోయి, దెబ్బ నేరుగా అద్దానికి, అంటే మన తలకి తగులుతుంది. అక్కడ మనల్ని కాపాడేది బ్రేకు, మన వేగం, మన కళ్లు. బరువు కాదు. ఇంకో మాట కూడా ఉంది. 80లో వెళ్లే బండికీ 100లో వెళ్లే బండికీ వేగంలో తేడా పావు వంతే అనిపిస్తుంది గానీ, గుద్దినప్పుడు విడుదలయ్యే శక్తి 56 శాతం ఎక్కువ. బావ బండిలో ఎత్తున కూర్చుంటే రోడ్డు నెమ్మదిగా జరుగుతున్నట్టు ఉంటుంది. పోయిన దసరాకి నకిరేకల్ దగ్గర నేను పక్క సీట్లో ఉన్నాను, ఎనభైలో వెళ్తున్నాం అనుకుంటూ మీటరు చూస్తే 118 ఉంది. బావకీ తెలియలేదు.

రెండోది పల్టీ. ఇది రాయడానికి నాకు మనసు రావడం లేదు కానీ రాయక తప్పదు. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నందమూరి హరికృష్ణ గారు నెల్లూరు జిల్లా కావలిలో పెళ్లికి వెళ్తూ నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ప్రమాదంలో చనిపోయారు. నడుపుతున్నది ఫార్చ్యూనర్, నడుపుతున్నది ఆయనే. బండి డివైడర్‌ని గుద్ది పల్టీ కొట్టింది, సీటు బెల్టు లేకపోవడంతో ఆయన బయటికి పడిపోయారని అప్పట్లో పోలీసులు చెప్పారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 ఏప్రిల్‌లో, ఎన్నికల ప్రచారం ముగించుకుని రాత్రి ఆళ్లగడ్డ వస్తున్న శోభా నాగిరెడ్డి గారి బండి రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్పల్ని తప్పించబోయి పల్టీలు కొట్టింది. ఆమె కూడా బయటికి పడిపోయారు, మర్నాడు కన్నుమూశారు. మన పల్లెల మీదుగా వెళ్లే రోడ్ల మీద కోతల రోజుల్లో వడ్లు, మొక్కజొన్నలు పోసి చుట్టూ రాళ్లు పెట్టడం మనందరం చూసిందే. చీకట్లో ఆ కుప్ప చివరి నిమిషంలో కనిపిస్తుంది, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పుతాం, ఎత్తైన బండి అక్కడే అదుపు తప్పుతుంది.

ఎందుకు తప్పుతుందో అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. నడుం ఎత్తున బిందె పట్టుకుని నడవడం వేరు, నెత్తిన పెట్టుకుని గబుక్కున పక్కకి తిరగడం వేరు. బరువు ఎంత పైన ఉంటే అంత తేలిగ్గా పక్కకి ఒరుగుతుంది. రెండు చక్రాల మధ్య వెడల్పుని బరువు కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగించి అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఒక అంకె లెక్కగడుతుంది. మామూలు కార్లకి అది 1.3 నుంచి 1.5 దాకా ఉంటే, ఎత్తైన ఎస్‌యూవీలకి 1 నుంచి 1.3 దాకా ఉంటుంది. ఆ అంకె ఎంత తక్కువైతే పల్టీ కొట్టే ముప్పు అంత ఎక్కువ. పైన క్యారియర్ బిగించి దాని మీద బియ్యం బస్తాలు కట్టుకుని వెళ్తే ఇంకా తగ్గుతుంది. బావ బండికి క్యారియర్ ఉంది.

ఈ విషయంలో అమెరికా వాళ్లు చాలా ప్రాణాలు పోగొట్టుకున్నాక నేర్చుకున్నారు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అక్కడ ఇంటింటికీ ఉన్న ఎస్‌యూవీ. దానికి వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర వేగంలో ఊడిపోయి బండ్లు పల్టీ కొట్టడంతో 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు, ఆ ప్రమాదాల్లో పోయినవాళ్లు 270 మందికి పైనే. పిల్లాపాపలతో సేఫ్‌గా వెళ్లాలని పెద్ద బండి కొనుక్కున్న కుటుంబాలు వాళ్లవి. ఆ తర్వాత అక్కడ టైరు గాలి తగ్గితే హెచ్చరించే సిస్టమ్ తప్పనిసరి చేశారు, 2012 మోడళ్ల నుంచి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ కూడా ప్రతి కారుకీ తప్పనిసరి చేశారు. దాన్నే ఈఎస్‌సీ అంటారు, కొన్ని కంపెనీలు ఈఎస్‌పీ అంటాయి. మనం స్టీరింగ్ తిప్పిన వైపుకి బండి తిరగకుండా జారిపోతుంటే అది గుర్తుపట్టి, ఏ చక్రానికి బ్రేకు కావాలో ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేసి బండిని దారిలో పెడుతుంది. ఇది ఉంటే ఇంకో వాహనంతో సంబంధం లేకుండా తనకు తాను అదుపు తప్పి జరిగే ప్రమాదాలు మామూలు కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో ఏకంగా 59 శాతం తగ్గుతాయని అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ అంచనా వేసింది. అంటే పెద్ద బండికి ఇది మరింత అవసరం. నాకు పదకొండు లక్షల్లో దొరుకుతున్న ఎనిమిదేళ్ల పాత పెద్ద బండ్లలో, నేను చూసిన ఐదింటిలో, నాలుగింటికి ఇది లేదు. అదే డబ్బులో దొరికే కొత్త చిన్న కార్లలో చాలావాటికి ఉంది.

సైజు చూసి బలం అంచనా వేయకూడదని నాకు బాగా అర్థమైంది మాత్రం స్కార్పియో విషయంలోనే. 2016లో, కార్లని గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోని పరీక్షిస్తే వచ్చింది సున్నా స్టార్లు. అదే పేరుతో కొత్తగా తయారుచేసిన స్కార్పియో ఎన్‌కి 2022 డిసెంబరులో ఐదు స్టార్లు వచ్చాయి. రెండూ రోడ్డు మీద చూస్తే భారీగానే ఉంటాయి, మనిషి కళ్లకి రెండూ "ట్యాంకులే". ఇంకోవైపు చిన్న కార్లు చూడండి. 2014 మొదట్లో ఆల్టో, నానో, ఐ10, ఫిగో, పోలో, ఐదింటినీ ఎయిర్‌బ్యాగులు లేకుండా పరీక్షిస్తే ఐదూ సున్నా. 2018 డిసెంబరులో నెక్సాన్‌కి ఐదు స్టార్లు వచ్చాయి, మన దేశంలో తయారైన కారుకి అది మొదటిసారి. 2020లో ఆల్ట్రోజ్ అనే మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి పెద్దవాళ్ల రక్షణలో ఐదు వచ్చాయి. 2024 నవంబరులో, పక్కనుంచి గుద్దే పరీక్ష, పాదచారుల రక్షణ, ఈఎస్‌సీ కూడా చేర్చి కఠినం చేసిన పద్ధతిలో, కొత్త డిజైర్‌కి ఐదు వచ్చాయి. మారుతికి ఐదు స్టార్లు రావడం అదే మొదలు. ఇప్పుడు మనకే భారత్ ఎన్‌క్యాప్ ఉంది, 2023 అక్టోబరు నుంచి నడుస్తోంది. కారు కొనేముందు ఆ రిపోర్టులు తెరిచి చూడటానికి పైసా ఖర్చు లేదు. చూసేటప్పుడు స్టార్లతో ఆగకుండా కింద ఛాతీకి ఎంత రక్షణ, పిల్లలకి ఎంత రక్షణ అని రంగులు వేసిన బొమ్మలు కూడా చూడండి, ఏ వేరియంట్‌ని పరీక్షించారో చూడండి.

అయినా బావ మాట కాదనలేక ఒక ఆదివారం ఎల్బీ నగర్ వైపు సెకండ్ హ్యాండ్ బండ్లు చూడటానికి వెళ్లాం. ఒక తెల్ల బండి నచ్చింది, బయట మెరిసిపోతోంది. వెనక డోరు తీస్తే మూడో వరసలో ఎదురెదురుగా మడత పెట్టే రెండు సీట్లు. పిల్లలు ఎగిరి కూర్చున్నారు, మోకాళ్లు మోకాళ్లు తగులుతున్నాయి, ఇద్దరికీ అదే సరదా. నేను బెల్టుల కోసం సీటు చుట్టూ చెయ్యి పెట్టి వెతికాను. బెల్టులు లేవు. తీసేయడం కాదు, అసలు ఆ సీట్లకి ఇవ్వలేదు. బండి సడన్‌గా ఆగితే అక్కడ కూర్చున్న పిల్లాడు ఎక్కడికి వెళ్తాడో ఊహించుకోవడానికి నాకు రెండు సెకన్లు కూడా పట్టలేదు. ముందు గట్టి ఇనప గార్డు బిగించి ఉంది. అది ఇంకా గట్టి రక్షణ అని అమ్మేవాళ్లు చెప్పారు. 2017 డిసెంబరులోనే కేంద్రం ఈ గార్డులు పెట్టకూడదని రాష్ట్రాలకి రాసింది. బంపర్ వెనక రేకు మడత పడుతూ దెబ్బని మింగాలి, గార్డు ఆ దెబ్బని నేరుగా ఛాసీకి పంపిస్తుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ లెక్క తప్పుతుంది, ఎదుట నడిచే మనిషికైతే అది ఇనప గుదిబండే. గుద్దినప్పుడు బండి ముందు భాగం నుజ్జు కావాలి, మనుషులు కూర్చునే చోటు మాత్రం నలగకూడదు. నలిగిన బానెట్ చూసి "రేకు డబ్బా" అనుకుంటాం గానీ, అది నలిగింది కాబట్టే లోపలివాళ్ల పక్కటెముకలు నలగలేదు.

తిరుగు ప్రయాణంలో బావ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకోబోతే బకిల్‌లో ఏదో అడ్డం ఉంది. లాగితే చిన్న ఉక్కు క్లిప్పు, బెల్టు నాలుక లాంటిదే, మీద కంపెనీ గుర్తు కూడా ఉంది. బెల్టు పెట్టుకోకపోయినా బీప్ రాకుండా ఉండటానికి. డ్రైవరు వైపు కూడా ఉంది. "ఆ మోత భరించలేక పెట్టా" అన్నాడు బావ. వీటిని ఆన్‌లైన్‌లో అమ్మొద్దని 2023లో వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశిస్తే పదమూడు వేల పైచిలుకు ఐటమ్స్ తీసేశారు. 2022లో మన దేశంలో బెల్టు లేక చనిపోయినవాళ్లు 16,715 మంది, అందులో దాదాపు సగం డ్రైవర్లు కాదు, పక్కన, వెనక కూర్చున్నవాళ్లు. అదే ఏడాది సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన మెర్సిడెస్ ఎస్‌యూవీలో. వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు, ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు. రెండు టన్నుల బండిలో బెల్టు లేకుండా కూర్చున్న మనిషికి ఆ రెండు టన్నులు ఏ సాయమూ చేయవు, ఆయన బరువు ఆయనదే, ఆయన వేగం ఆయనదే.

ఇంకొక్క సంగతి. ఇది మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జరిగింది. ఆ సాయంత్రం బావ బండి ఆపాక నేను డ్రైవరు సీట్లో కూర్చుని, మా అబ్బాయితో 20 లీటర్ల వాటర్ క్యాన్ బంపర్ ముందు పెట్టించాను. కనిపించలేదు. "ఇంకొంచెం వెనక్కి" అంటూ పోతే, ఎనిమిది అడుగుల దూరం వెళ్లాక గానీ క్యాన్ మూత నాకు కనపడలేదు. మా పాత చిన్న కారులో అదే చేస్తే ఐదు అడుగులకే కనిపించింది. బంతి కోసం వంగిన మూడేళ్ల పిల్ల ఆ క్యాన్ కంటే పెద్ద ఎత్తేం ఉండదు. మా సెల్లార్‌లో సాయంత్రం అయితే పదిమంది పిల్లలు ఆడతారు. బావ కూడా సీటెక్కి చూశాడు, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బానెట్ నలభై అంగుళాల కంటే ఎత్తున్న బండ్లు గుద్దితే, బానెట్ తక్కువ ఎత్తులో ఏటవాలుగా ఉన్న కార్లతో పోలిస్తే పాదచారి చనిపోయే ముప్పు 45 శాతం దాకా ఎక్కువని ఐఐహెచ్‌ఎస్ 2023లో తేల్చింది. కాలికి తగిలి బానెట్ మీదికి పడాల్సిన మనిషి ఛాతీకి, తలకి నేరుగా తగిలి కిందికి పడతాడు.

నన్ను చివరికి తేల్చుకునేలా చేసింది ఇదే. 2022లో మన దేశంలో రోడ్డు మీద చనిపోయిన 1,68,491 మందిలో టూవీలర్ల మీద వెళ్లేవాళ్లు 44.5 శాతం, నడిచేవాళ్లు 19.5 శాతం. వందమందిలో అరవై నాలుగు మందికి చుట్టూ రేకు కూడా లేదు. మా తమ్ముడు రోజూ ఉప్పల్ నుంచి బైకు మీదే ఆఫీసుకి వెళ్తాడు. బరువు ఇచ్చే రక్షణ అంటే మన వంతు దెబ్బ ఎదుటివాడికి ఇవ్వడమే. ఆ 35, 85 లెక్కలో మొత్తం 120 ఎక్కడికీ పోలేదు, మనకి తగ్గినంతా అవతలి వాళ్ల మీద పడింది. నా పిల్లల కోసం నేను అది చేసేవాణ్ణేమో, వేరే దారి లేకపోతే. కానీ ఉంది.

ఏడుగురు, ఎనిమిది మంది రోజూ తిరిగే ఇంటికి పెద్ద బండి కావాల్సిందే, కాదనను. కొనగలిగితే ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, మూడు వరసల్లోనూ బెల్టులు, క్రాష్ టెస్టులో మంచి మార్కులు ఉన్న కొత్త పెద్ద బండి కొనండి, అది మంచి బండే. నేను వద్దంటున్నది ఒక్కటే, పాత పెద్ద బండిని సైజు చూసి సేఫ్ అని కొనడం.

మేం చిన్నదే కొన్నాం. ఏ కారో రాయను, ఇది ప్రచారం కాదు. మొన్న శనివారం మొదటిసారి కోదాడ వెళ్లాం. వెనక బెల్టు పెట్టుకోమంటే అమ్మ చీర నలుగుతుందంది, కడుపు మీద పట్టేస్తుందంది. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదికి జరిపి, పైది భుజం మీదుగా సరిచేస్తే పంతంగి టోల్‌గేటు దాకా ఒకటే సణుగుడు, తర్వాత అలాగే నిద్రపోయింది. నేను 80 దాటలేదు.

నిన్న బావ ఫోన్ చేశాడు. క్లిప్పులు రెండూ తీసేశాడట. వెనక సీట్లో పిల్లలకి బెల్టు పెడదామంటే బకిళ్లు కనపడలేదట, బండి కొన్నరోజు వేయించిన లెదర్ సీటు కవర్ల కింద ఉండిపోయాయి, ఇన్నేళ్లూ ఎవరూ వాటి కోసం వెతకనే లేదు. కవరు కోయించి వాటిని బయటికి తీయించడానికి సీటు కవర్ల షాపు ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. "ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను. "పావుగంట అంటున్నాడు. వెనక మూడూ తీయించేస్తున్నా" అన్నాడు.